సవరణ: షార్త్ర్ కిటికీని కింద నుంచి చదవాలి

ఫ్రాన్స్‌లోని షార్త్ర్ పెద్ద చర్చిలో (కెథెడ్రల్‌లో) ఉన్న ‘మంచి సమరయుడు’ (యేసు చెప్పిన ఒక ఉపమానం) రంగుటద్దాల కిటికీ గురించి మొన్నటి పోస్టులో, బొమ్మలు పైనుంచి కిందికి నడుస్తాయనీ, ఆదాము కథతో మొదలై సమరయుడి దగ్గర ముగుస్తాయనీ రాశాను. అది తప్పు. కెథెడ్రల్ కళపై చరిత్రకారులు రాసినవి చూస్తే వరస కింద నుంచి పైకి.

అట్టడుగున చెప్పులు కుట్టేవాళ్లున్నారు. వాళ్ల పైన దొంగలు కొట్టి పడేసిన బాటసారి, చూసీ చూడనట్టు వెళ్లిపోయిన యాజకుడు, లేవీయుడు (గుడి సేవకుడు), గాయాలకు కట్టు కట్టి పూటకూళ్ల ఇంటికి చేర్చే సమరయుడు. ఆ తర్వాతే ఆదాము హవ్వల కథ. వాళ్లు పండు తింటారు, ఏదెను తోట నుంచి గెంటేయబడతారు, వాళ్ల కొడుకు కయీను తమ్ముణ్ని చంపుతాడు. కొసన క్రీస్తు.

ఈ వరస తారుమారైతే కిటికీ అర్థమే పోతుంది. మధ్యయుగ వ్యాఖ్యానంలో యెరూషలేము వదిలి వెళ్లిన బాటసారి అంటే ఏదెను పోగొట్టుకున్న ఆదాము, అంటే మనమందరం. సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు క్రైస్తవ సంఘం. ముందు ఉపమానం, దాని పైన దాని భావం. 13వ శతాబ్దం మొదట్లో గాజు ముక్కల్లో ఇంత వేదాంతం చెప్పడం అద్భుతం.

చెప్పులు కుట్టేవాళ్లే కిటికీకి డబ్బిచ్చారన్న మాట కూడా ఖాయం కాదు, దానిపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి.