ఓకే అంటే ‘అబ్జెక్షన్ కిల్డ్’ కాదు

మా మేనకోడలు ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన నెలలో వాళ్ళ బడిలో జనరల్ నాలెడ్జ్ క్విజ్ పెట్టారు. ‘ఓకే’కు ఫుల్ ఫామ్ రాయండి అని ఒక ప్రశ్న. ‘ఆల్ కరెక్ట్’ అనే మాటను సరదాకి తప్పు స్పెల్లింగ్‌తో రాసి, దాని మొదటి అక్షరాలు తీసుకున్నారని పిల్ల రాసింది. నేనెప్పుడో చెప్పింది గుర్తుపెట్టుకుంది. మార్కు రాలేదు. కీ పేపర్లో ‘అబ్జెక్షన్ కిల్డ్’ అని ఉందట. ఇంటికొచ్చి, “అత్తా, నువ్వు చెప్పింది తప్పంట” అంది. ఒక మార్కు పోతే పోయింది. నిజం రాసిన పిల్ల తానే తప్పు చేశాననుకోవడం నాకు బాధగా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ జవాబు వాట్సాప్‌లో ఏళ్ళుగా తిరుగుతున్నదే. న్యూస్, టీ, పెన్, చెస్ లాంటి మామూలు మాటలకు ఫుల్ ఫామ్‌లు చెప్పే ఒక జాబితాలో అదొక వరుస. ఈ మధ్య మా బంధువుల గ్రూపులోకి కూడా ఓకే గురించి ఒక పొడుగాటి మెసేజ్ వచ్చింది. అందులో ఉన్నవి క్లుప్తంగా ఇవి: ఓకే అంటే ‘అబ్జెక్షన్ కిల్డ్’, కోర్టుల నుంచి వచ్చింది. కాదు, అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చనిపోని రోజున బోర్డు మీద రాసిన ‘జీరో కిల్డ్’. కాదు, స్పెల్లింగ్ రాని అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ పుట్టించాడు. అసలు మూలం గ్రీకు మాట ‘ఓలా కలా’. చివర్లో, ప్రపంచమంతటా ఒకే ఒక్క అర్థంతో వాడే మాట ఇదేనని. ఒకదాన్నొకటి కొట్టేసే ఇన్ని సంగతులు ఒకే మెసేజ్‌లో ఉన్నా, దాని కింద చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి.

మొదట ‘అబ్జెక్షన్ కిల్డ్’ చూద్దాం. కోర్టులో ఒక లాయరు అభ్యంతరం చెబితే జడ్జి ఏమంటారో మన సినిమాలు చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒప్పుకుంటే ‘సస్టెయిన్డ్’, ఒప్పుకోకపోతే ‘ఓవర్‌రూల్డ్’. ‘అబ్జెక్షన్ కిల్డ్’ అనేది కోర్టు భాషలోనే లేదు. ఓకే పుట్టిన కాలపు కాగితాల్లోనూ అలాంటి విస్తరణ లేదు. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

‘జీరో కిల్డ్’ కథ వినడానికి బాగుంటుంది. యుద్ధం, సైనికులు, సాయంత్రం బోర్డు మీద సున్నా. కానీ అమెరికా అంతర్యుద్ధం జరిగింది 1861 నుంచి 1865 దాకా. ఓకే అనే మాట 1839లోనే పత్రికలో అచ్చయింది. యుద్ధం మొదలయ్యే నాటికి దాని వయసు ఇరవై రెండేళ్ళు. అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి బిస్కెట్లు సరఫరా చేసిన ‘ఓరిన్ కెండాల్’ పేరులోని అక్షరాలే ఓకే అని ఇంకో కథ కూడా ఉంది. దానికీ ఇదే జవాబు.

1839 అని అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, తేదీ కూడా ఉంది కాబట్టి. 1839 మార్చి 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ అనే దినపత్రికలో ఒక చిన్న సరదా వ్యాఖ్య వచ్చింది. ఆ పత్రిక సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్. ప్రావిడెన్స్ అనే పక్క ఊరి పత్రికను ఆటపట్టిస్తూ రాసిన ఆ నాలుగు ముక్కల్లో ‘ఓ.కె.’ అని వేసి, వెంటనే పక్కనే ‘ఆల్ కరెక్ట్’ అని అర్థం కూడా ఇచ్చారు. అంటే ఫుల్ ఫామ్ ఏమిటో మనం ఊహించాల్సిన పని లేదు. మొదటిసారి అచ్చులో కనిపించిన చోటే అది పక్కన రాసి ఉంది.

అయితే ‘ఆల్’కు మొదటి అక్షరం ఏ కదా, ‘కరెక్ట్’కు సీ కదా, ఓ, కె ఎక్కడివి అని ఎవరికైనా అనుమానం వస్తుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. 1838, 1839 ప్రాంతంలో బోస్టన్ పత్రికల వాళ్ళకు పొట్టి అక్షరాల పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు మన పిల్లలు గుడ్ నైట్‌కు ‘జీఎన్’ అని కొడుతున్నట్టే. దాని మీద ఇంకో సరదా ఏమిటంటే, చదువురాని వాళ్ళు రాసినట్టు స్పెల్లింగ్ చెడగొట్టి, ఆ చెడగొట్టిన మాటను కుదించడం. ‘ఆల్ రైట్’ను ‘ఓల్ రైట్’గా మార్చి, ‘రైట్’కు ముందు డబ్ల్యూ తగిలించి ‘ఓ.డబ్ల్యూ.’ అన్నారు. ‘నో యూజ్’లో ‘నో’కు కె తగిలించి ‘కె.వై.’ చేశారు. ‘నో గో’ను అలాగే ‘కె.జి.’ అన్నారు. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ చేసి ‘ఓ.కె.’ అన్నారు. ఆ గుంపులో మిగతావన్నీ కొన్నేళ్ళకే పోయాయి. ఇది ఒక్కటే మిగిలింది.

ఎందుకు మిగిలింది? దీనికి జవాబు మెసేజ్‌లో లేదు కానీ, ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 1840లో అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు. అప్పటి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మళ్ళీ పోటీ చేస్తున్నాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అందుకని ఆయనకు ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని ముద్దుపేరు. దాని మొదటి అక్షరాలు కూడా ఓ, కె. ఆయన మద్దతుదారులు న్యూయార్క్‌లో ‘ఓకే క్లబ్’ పెట్టుకున్నారు. మన మనిషి ఓకే, అంతా ఓకే అని రెండు అర్థాలూ కలిసొచ్చేలా నినాదం చేసుకున్నారు. ఎదుటి పక్షం ఊరుకోలేదు. అవే అక్షరాలకు ‘ఆఫుల్ కెలామిటీ’, ‘అవుటాఫ్ క్యాష్’, ‘అవుటాఫ్ క్రెడిట్’ అని స్పెల్లింగులు చెడగొట్టి కొత్త విస్తరణలు కట్టి తిప్పికొట్టింది. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. ఓకే మాత్రం దేశమంతా పాకింది. ఓకేకు సొంత ఫుల్ ఫామ్‌లు కట్టడం మన వాట్సాప్‌తో మొదలు కాలేదు. 1840లోనే రాజకీయ నాయకులు ఆ పని చేశారు. ఆ తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. సందేశం అందింది, సరిగ్గా ఉంది అని చెప్పడానికి ఆ రెండు పొట్టి అక్షరాలు ఆపరేటర్లకు చక్కగా సరిపోయాయి. రైల్వేల్లోనూ అంతే.

ఆండ్రూ జాక్సన్ కథ కూడా అదే ఎన్నికల్లో పుట్టింది. ఆయన వాన్ బ్యూరెన్‌కు ముందు అధ్యక్షుడు, అదే పార్టీ. ఆయనకు స్పెల్లింగ్ రాదని, కాగితాల మీద తప్పుగా ‘ఓల్ కరెక్’ అని రాసేవాడని ప్రత్యర్థి పత్రికలు 1840లో వెటకారంగా రాశాయి. ఆయన చేత్తో అలా రాసిన కాగితం ఒక్కటీ బయటపడలేదు. టెనెసీ రాష్ట్రంలోని సమ్నర్ కౌంటీ కోర్టులో 1790 నాటి రికార్డులో జాక్సన్ పేరు దగ్గర ఓకే అని ఉందని కొందరు సాక్ష్యం చూపించారు. పరీక్షగా చూస్తే అది ‘ఓ.ఆర్.’ అని తేలింది. ‘ఆర్డర్ రికార్డెడ్’ అని కోర్టు గుమాస్తాలు రాసే గుర్తు. చేతిరాతలో ఆర్, కె ఒకేలా కనబడతాయి కదా.

ఈ సంగతులన్నీ తవ్వి తీసింది కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆలెన్ వాకర్ రీడ్ అనే భాషా పరిశోధకుడు. ఆయన గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1941లో ఆయనే ఓకేకు మూలం ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని వ్యాసం రాశాడు. అది పెద్ద పేరే తెచ్చింది. అక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఆగలేదు. పాత పత్రికలు ఇంకా చదువుతూ పోయి, 1963, 1964 సంవత్సరాల్లో రాసిన వ్యాసాల్లో అంతకంటే ముందటి బోస్టన్ సాక్ష్యాలను వరసపెట్టి చూపించాడు. కిండర్‌హుక్ పుట్టించలేదు, పుట్టిన మాటను మోసుకుపోయింది అని తన మాటను తానే సరిదిద్దుకున్నాడు. మన పిల్లలకు క్విజ్‌లో ఏదైనా నేర్పాలంటే ఈయన గురించి నేర్పితే ఎంత బాగుంటుంది!

ఇక గ్రీకు సంగతి. ‘ఓలా కలా’ నిజంగానే గ్రీకు మాట. అర్థం కూడా నిజంగానే ‘అంతా బాగుంది’. మెసేజ్‌లో ఈ ముక్క వరకు తప్పు లేదు. కానీ రెండు భాషల్లో శబ్దం, అర్థం కలిసినంత మాత్రాన ఒకదాని నుంచి ఇంకొకటి వచ్చిందనలేం. మనకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. బద్మాష్, బద్‌నామ్ అంటుంటాం. అందులో ‘బద్’ ఫారసీ మాట, చెడు అని అర్థం. ఇంగ్లీషులో ‘బ్యాడ్’ కూడా చెడే. శబ్దం అదే, అర్థం అదే. అయినా ఆ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదని భాషా శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. చుట్టరికం కలపాలంటే మాట ఎక్కడి నుంచి ఎక్కడికి ఎలా నడిచిందో మధ్యలో అడుగుజాడలు చూపించాలి. బోస్టన్ నుంచి న్యూయార్క్‌కు, అక్కడి నుంచి దేశమంతటికీ నెల నెలా అచ్చులో జాడలు ఉన్నాయి. గ్రీకు నుంచి బోస్టన్‌కు ఒక్క జాడ కూడా లేదు.

అమెరికా మూలవాసులైన చాక్టా జనం మాట ‘ఓకె’, పశ్చిమ ఆఫ్రికాలోని వోలోఫ్ భాష మాట ‘వావ్ కే’ కూడా మూలాలని వాదించినవాళ్ళు ఉన్నారు. ఇవి వాట్సాప్ కథల్లాంటివి కావు, చదువుకున్నవాళ్ళు గౌరవంగా పెట్టిన వాదనలు. చాక్టా వాదాన్ని అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఎంత నమ్మాడంటే, కాగితాల మీద ఆమోదం తెలపడానికి ఆ స్పెల్లింగే రాసేవాడు. బానిసలుగా తెచ్చిన జనం, భూమి పోగొట్టుకున్న జనం ఇచ్చిన మాటల్ని చరిత్ర తరచూ మరిచిపోతుంది కాబట్టి ఆ వాదనలు వినాల్సినవే. కానీ 1839 మార్చి నాటి ఆ కాగితం ‘ఆల్ కరెక్ట్’ అని తన నోటితోనే చెబుతోంది. దాన్ని దాటి వెళ్ళాలంటే అంతకంటే బలమైన కాగితం కావాలి.

వాట్సాప్‌లో తిరిగే ఆ ఫుల్ ఫామ్‌ల జాబితా మొత్తం గురించి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే ఓకే దానిలోని ఒక వరుస మాత్రమే. ‘న్యూస్’ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అంటారు. కాదు, ‘న్యూ’ అంటే కొత్త, దానికి బహువచనం, కొత్త సంగతులు. ‘టీ’కి కూడా ఏదో విస్తరణ కట్టారు. చైనాలోని హొక్కియన్ మాట ‘తె’ సముద్రం మీదుగా యూరప్ చేరి టీ అయింది. అదే ఆకుకు భూమి దారిలో వచ్చిన పేరు మన చాయ్. ‘పెన్’ లాటిన్‌లో ‘ఈక’ అనే మాట నుంచి వచ్చింది. ‘డేట్’ అనే స్పెల్లింగ్ కింద రెండు వేరు వేరు మాటలున్నాయి. తేదీ అనే డేట్ లాటిన్‌లో ‘ఇచ్చినది’ అనే మాట నుంచి, ఖర్జూరం అనే డేట్ గ్రీకులో ‘వేలు’ అనే మాట నుంచి వచ్చాయి. ఒక్క ఫుల్ ఫామ్ ఈ రెండింటికీ ఎలా సరిపోతుంది? ‘కోల్డ్’ అంటే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు అని రాయడం మాత్రం నాకు కోపం తెప్పించింది. మామూలు జలుబు చేసిన పెద్దవాళ్ళు అది చదివి టెన్షన్ పడతారు. జలుబు వేరు, ఆ జబ్బు వేరు.

రెండు చోట్ల జాబితాకు నిజం తగిలిందని ఒప్పుకోవాలి. ‘బై’ అంటే ‘బీ విత్ యూ’ అని మొదలుపెట్టారు. ‘గుడ్‌బై’ నిజంగానే ‘దేవుడు నీకు తోడుండు గాక’ అనే ఇంగ్లీషు వాక్యం అరిగి అయినదే. ‘చెస్’ను చారియట్, హార్స్, ఎలిఫెంట్, సోల్జర్స్ అన్నారు, అంటే రథం, గుర్రం, ఏనుగు, సైనికులు. చెస్ అనే మాట ఫారసీ ‘షా’ నుంచి, అంటే రాజు నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చింది. కానీ ఆ నాలుగు బలాలు మన చదరంగం పేరులోనే ఉన్నాయి. చతురంగం అంటే నాలుగు అంగాల సేన. సొంత భాషలో ఉన్న నిజాన్ని వదిలి, ఇంగ్లీషు మాటకు లేని ఫుల్ ఫామ్ కట్టడం ఎందుకో నాకు అర్థం కాదు.

మొదటి అక్షరాలు కలిపి మాట చేయడం పెద్దగా మొదలైంది ఇరవయ్యో శతాబ్దంలో. రాడార్, లేజర్ అలా వచ్చినవే. అంతకు ముందే ఉన్న పాత మాటకు ఫుల్ ఫామ్ చెబితే నూటికి తొంభై సార్లకు పైగా కట్టుకథే. ఓకే అరుదైన మినహాయింపు. ఆ జాబితాలో నేను చూసిన మాటల్లో నిజంగా పొట్టి అక్షరాలతో పుట్టింది అదొక్కటే. దాని ఫుల్ ఫామే తప్పు రాశారు.

ప్రపంచమంతటా ఒకే ఒక్క అర్థం అని మెసేజ్ చివర్లో అన్నదానికి జవాబు మన ఇంట్లోనే దొరుకుతుంది. “సినిమా ఎలా ఉంది?” అంటే “ఓకే” అంటాం. అంటే గొప్పగా లేదని. “దెబ్బ తగిలిందా, ఓకేనా?” అంటే క్షేమమేనా అని. “లోన్ ఓకే అయింది” అంటే మంజూరైందని. ఫోన్‌లో “ఓకే, మరి…” అంటే ఇక పెట్టేస్తానని. క్లాసులో “ఓకే” అని నేను పుస్తకం మూస్తే ఆ పాఠం అయిపోయిందని పిల్లలకు తెలుసు. కంప్యూటర్‌లో ఓకే బటన్‌కు కూడా ఒక కథ ఉంది. ఆపిల్ వాళ్ళు లీసా అనే కంప్యూటర్ తయారు చేసేటప్పుడు ఆ బటన్ మీద మొదట ‘డూ ఇట్’ అని రాశారు. పరీక్షకు పిలిచిన మనిషి దాన్ని కలిపి ‘డోల్ట్’ అని చదివాడు, అంటే మొద్దు అని తిట్టు. అప్పుడు ఓకే అని మార్చారు. వేళ్ళతో చూపే ఓకే గుర్తుకైతే అర్థాలు ఇంకా దూరం వెళ్ళిపోతాయి. సముద్రంలో ఈదే డైవర్లకు అది ‘బాగున్నాను’, బ్రెజిల్‌లో పచ్చి బూతు.

మనవాళ్ళయితే దాన్ని పూర్తిగా తెలుగు చేసేశారు. ఓకే అవుతుంది, ఓకే చేస్తారు, ఓకే చేయిస్తారు, ఓకేనా అని అడుగుతారు. “సంబంధం ఓకే అయిందట వదినా” అని చెప్పుకుంటారు. మనసు ఒప్పకపోయినా గొడవెందుకని “ఓకేలే” అంటారు. ఆ ‘లే’ను ఏ ఇంగ్లీషు నిఘంటువూ చెప్పలేదు. బోస్టన్‌లో ఆ సరదా వ్యాఖ్య రాసిన వాళ్ళకు ఆ అర్థం అందదు. అది మనం చేర్చుకున్నది.