ఫొటో మనది, బోర్డు మనది, గిరాకీతో పనేముంది?

బెంగళూరులో మెస్సు పెట్టాలనుకునే తెలుగువాడికి ముందుగా కావాల్సింది మంచి వంటవాడని కొందరు అపోహపడుతుంటారు. ముందు కావాల్సింది ఫ్లెక్సీ డిజైనర్. వంటవాడు మానేస్తే ఇంకొకడు దొరుకుతాడు. యజమాని, ఆయన తమ్ముడు, బావమరిది, అభిమాన హీరో, ఇంటి దేవుడు, వార్డు నాయకుడు, ఇంతమందినీ ఎవరి మనసూ నొచ్చకుండా ఒకే ఫ్లెక్సీ మీద సర్దగలిగే మనిషి మళ్లీ దొరకడు. మారతహళ్లి నుంచి మున్నెకొళాల దాకా పీజీ హాస్టళ్ల సందుల్లో ఒక్కసారి నడిస్తే ఈ కళ ఏ స్థాయికి చేరిందో తెలుస్తుంది. 2018లో హైకోర్టు చీవాట్లు పెట్టాక అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ నగరంలో ఫ్లెక్సీలను నిషేధించిన మాట నిజమే. నిషేధం దారిన నిషేధం ఉంది, ఫ్లెక్సీ దారిన ఫ్లెక్సీ ఉంది.

బోర్డు సంగతీ అంతే. దుకాణాల బోర్డుల మీద 60 శాతం కన్నడ ఉండాలని కర్ణాటకలో 2024లో చట్టాన్ని సవరించారు. న్యాయమైన మాట. ఏ ఊళ్లో అమ్ముకుంటున్నామో ఆ ఊరి భాషలో పేరు రాసుకుంటే లాభం మనకే. మనవాళ్లు బుద్ధిగా 60 శాతం కన్నడకు వదిలారు. మిగతా 40 శాతంలోకి పైన చెప్పిన కుటుంబమంతా వచ్చి కూర్చుంది. లోపల ఏం దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఎన్నింటిదాకా దొరుకుతుంది, ఫోన్ నంబరు ఎంత, వీటికి మాత్రం చోటు చాల్లేదు.

1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసరు మార్కెటింగ్‌ని నాలుగు ముక్కలు చేసి చెప్పాడు: సరుకు, ధర, అమ్మే చోటు, ప్రచారం. ఇప్పటికీ కాలేజీల్లో ఇదే పాఠం. పాపం ఆయన మారతహళ్లిని దృష్టిలో పెట్టుకున్నట్టు లేడు, మొదటి మూడూ అనవసరంగా చేర్చాడు. సరుకు వంటవాడి తలనొప్పి. ధర పక్క మెస్సువాడు ఎలాగూ ఆలోచించే ఉంటాడు, వాడికన్నా పది రూపాయలు తగ్గిస్తే సరిపోతుంది. ఆ పది ఎవరి జేబులోంచి వస్తుందన్నది అద్దె కట్టే రోజున చూసుకోవచ్చు. ఇక చోటు అంటారా, మ్యాపులో పిన్ను పెట్టే బాధ్యత బావమరిదిది. ఆయన దాన్ని రింగ్ రోడ్డుకి అవతల పెట్టాడు. పిన్నుని నమ్ముకుని వచ్చినవాడు రోడ్డవతల నిలబడి మన బోర్డుని కళ్లారా చూసి, యూటర్న్ కోసం బయల్దేరి, ట్రాఫిక్‌లో ఆకలి చచ్చి, దారిలో మసాలా దోసె తిని ఇంటికెళ్లిపోతాడు. మంగళవారం సెలవన్న సంగతి కూడా మ్యాపుకి ఎవరూ చెప్పలేదు. అది మంగళవారాల్లో మరింత ఉత్సాహంగా 'ఓపెన్' అని చూపిస్తుంది.

ప్రారంభం రోజున రూపాయికే బిర్యానీ. జనం, తోపులాట, పోలీసులు, రెండు కుర్చీలు విరగడం, అన్నీ అనుకున్నట్టే జరుగుతాయి. మర్నాడు అదే ప్లేటు 249. ఆ జనం ఇంకెక్కడ రూపాయికి ఇస్తున్నారో వెతుక్కుంటూ వెళ్లిపోయారు.

అసలు ఘట్టం ఫుడ్ వ్లాగర్ రాక. ఆయన సరిగ్గా ఒంటిగంటకు వస్తాడు, ఎందుకంటే వెనకాల జనం నిండుగా కనబడాలి. ఫ్యాను కింది టేబులు ఖాళీ చేయిస్తారు. అక్కడ సగం తిన్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని గోడవారకి జరుగుతారు. టేబులు మీద అరిటాకు పరిచి, మెనూలో లేనివాటితో సహా ఆకు కనబడనన్ని రకాలు వడ్డిస్తారు. పప్పన్నం మీద నెయ్యి ధార కెమెరాకి సరిగ్గా పడలేదని మళ్లీ మళ్లీ పోయిస్తారు. రోజూ తినేవాళ్లకి అదే నెయ్యి చిన్న చెంచాడు, అదీ నోరు తెరిచి అడిగితే. ముద్ద ఇంకా నోటిదాకా వెళ్లకముందే ఆయన కళ్లు మూసుకుని "అన్నా, వేరే లెవెల్!" అంటాడు.

ఈలోగా మూల టేబులు దగ్గర నెల కార్డు కట్టిన పీజీ కుర్రాడు "అన్నా, మజ్జిగ" అని మూడోసారి పిలుస్తాడు.

"ఆగు తమ్ముడూ, వీడియో నడుస్తోంది కనబడట్లేదా?"

డబ్బు తీసుకున్నా, ఫ్రీగా తిన్నా, ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన వ్లాగర్ చట్టాన్ని గౌరవించే మనిషి. చెప్పాడు. రీల్ చివర్లో, చీమ తలకాయంత అక్షరాల్లో, అర సెకను పాటు. ఆ రీల్ చూసి కోరమంగళ నుంచి క్యాబ్ కట్టించుకుని వచ్చినవాళ్లు నెయ్యి ధార ఏదని అడిగితే చెంచా చూపిస్తారు.

ఆ నెల కార్డు కుర్రాడి విషయంలో మాత్రం శాస్త్రం చాలా కఠినంగా ఉంటుంది. రోజుకి రెండు పూటలు తింటాడు, రూమ్మేట్లనీ వెంటబెట్టుకొచ్చాడు, సంక్రాంతికి ఊరెళ్లినా తిరిగి ఇక్కడికే వస్తాడు. ఎలాగూ వచ్చేవాడి మీద ఖర్చు దేనికి? పేరు కూడా తెలుసుకోనక్కర్లేదు, కార్డు నంబరు చాలు. డిస్కౌంటు ఎప్పుడూ ముక్కూ మొహం తెలియనివాడికే ఇవ్వాలి. యాప్‌లో మొదటి ఆర్డరు సగం ధరకే. అందులోంచి కమీషన్ పోగా మిగిలినదాంతో ప్యాకింగ్ డబ్బా వస్తుంది, మూత అప్పు చేసి కొనుక్కోవచ్చు.

రివ్యూల దగ్గర మనకున్నంత బంధుబలం ఇంకెవరికీ లేదు. నరసరావుపేటలో పెద్దమ్మ కొడుకు, ఒంగోలులో తోడల్లుడు, బెంగళూరు మొహం చూడనివాళ్లంతా అయిదేసి నక్షత్రాలిచ్చి "ఆంబియెన్స్ సూపర్, పార్కింగ్ చాలా బాగుంది" అని రాస్తారు. పార్కింగ్ లేదు. ఆన్‌లైన్ రివ్యూలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఒక ప్రమాణం తెచ్చింది గానీ, పాటించి తీరాలని పట్టుబట్టలేదు కాబట్టి తోడల్లుడు క్షేమం. తెలియక ఎవరైనా "సాంబారు చల్లగా ఉంది" అని ఒక్క నక్షత్రం ఇస్తే వెంటనే జవాబు పడుతుంది: "నువ్వు ఎవరు పంపితే వచ్చావో మాకు తెలుసు. మా దగ్గర సీసీటీవీ ఉంది." కొత్తగా వద్దామనుకున్నవాళ్లు ఇది చదివి సాంబారు సంగతి మర్చిపోయి సీసీటీవీని గుర్తుపెట్టుకుంటారు. ఆ జవాబు టైపు చేసే టైములో సాంబారు వేడెక్కేది కదా అని నాకూ ఒకసారి అనిపించింది గానీ, గ్యాస్ రేటు తలుచుకుని ఊరుకున్నాను.

ఇంత శాస్త్రం వర్ధిల్లుతున్న చోట కూడా ద్రోహులుంటారు. పీజీల సందుల్లోనే ఒకావిడ కర్రీ పాయింట్ నడుపుతోంది. బోర్డు మీద ఆవిడ ఫొటో లేదు, ఆయన ఫొటో లేదు, కనీసం హీరో కూడా లేడు. షట్టరు పక్కన ఒక పలక. దాని మీద సుద్దముక్కతో గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, టమాటా చారు, పక్కనే రేట్లు, అడుగున 'ఒంటిగంటన్నర దాకా'. పదకొండింటికల్లా ఆ పలక ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. కూర అయిపోగానే పేరు తుడిచేస్తుంది, అంటే లేనిది ఉందని చెప్పే కనీస మర్యాద కూడా తెలియదు. కన్నడ పిల్లలొస్తే "ఊట ఆయ్తా?" అని పలకరించి, కారం తగ్గించిన గిన్నెలోంచి తీసిస్తుంది. మనవాడొకడు వస్తే "నిన్న చారులో ఉప్పెక్కువైందన్నావుగా నాయనా, ఇవాళ ఎట్టుందో సాయంత్రం చెప్పు" అంటుంది. అందరిముందూ! తప్పు ఒప్పేసుకుంది, సీసీటీవీ ఊసే ఎత్తలేదు.

ఇలా వదిలేస్తే మిగతావాళ్లూ పాడవుతారని మెస్సు యజమానులకి టెన్షన్ పట్టుకుంది. ఆవిడకు నచ్చజెప్పడానికి ఒక బ్రాండ్ కన్సల్టెంటుని పంపాలని అనుకుంటున్నారట. ఎవరు వెళ్లినా పన్నెండున్నర లోపే వెళ్లమని నా సలహా. ఆ తర్వాత దొండకాయ వేపుడు ఉండదు.