శాతం కాదు, టైమ్‌టేబుల్ చూడండి

యూనివర్సిటీలో దీర్ఘకాలిక జబ్బున్న మనిషి చిన్న వెసులుబాటు అడిగితే చాలు, "సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఉందా, ఎంత శాతం వైకల్యం?" అంటారు. 40 రాకపోతే ఫైలు అక్కడితో సరి. ఇది అన్యాయం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 40 శాతం షరతు రిజర్వేషన్ల లాంటివాటికి. సర్దుబాటు ఇవ్వడానికి ఆ గీత పెట్టకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. యూపీఎస్సీ పరీక్షకు స్క్రైబ్‌ని, అంటే తన బదులు జవాబులు రాసిపెట్టే మనిషిని, ఇవ్వలేదని ఒక అభ్యర్థి వేసిన కేసు అది.

అయినా అదే గీత అంతటా కనిపిస్తుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో గడువు 6 ఏళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో మరో 2. మహిళలకీ, 40 శాతం దాటిన వైకల్యం ఉన్నవాళ్లకీ ఇంకో 2. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రానుపోనూ ప్రయాణం, ఆ తర్వాతి నీరసం కలిపితే సగం వారం పోయినట్టే. డయాలసిస్‌కి వెళ్లే పీహెచ్‌డీ స్కాలర్ మగవాడై, చేతిలో శాతం కాగితం లేకపోతే ఆ అదనపు రెండేళ్లు లేవు!

శాతం ఒక్క రోజు కొలత. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో పొద్దున కీళ్లు బిగుసుకుని గంట దాటినా వదలవు, మధ్యాహ్నానికి అదే మనిషి మామూలుగా నడుస్తుంది. "పొద్దున లేని ఓపిక ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది" అని స్టాఫ్ రూమ్‌లో గుసగుసలు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన ఉంటుంది. వాటిని తగ్గించమని ఎవరూ అడగడం లేదు, మొదటి పీరియడ్‌ని మూడోదానికి జరపమంటున్నారు, బయోమెట్రిక్‌లో ఒక గంట వెసులుబాటు అడుగుతున్నారు.

ఇన్విజిలేషన్, అంటే పరీక్ష హాల్లో కాపలా డ్యూటీ, ఇంకా ఘోరం. మూడు గంటలు కదలకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్లకి షుగర్ 70 కన్నా తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ పడాలి, 15 నిమిషాలయ్యాక మళ్లీ చూసుకోవాలి. కాబట్టి జేబులో గ్లూకోజ్ ఉండనివ్వాలి, పిలవగానే వచ్చే రిలీవర్ ఉండాలి. పేగు జబ్బు ఉన్నవాళ్లకి టాయిలెట్ ఉన్న అంతస్తులోనే డ్యూటీ వేయాలి. ఇంకా తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. దాన్ని కెమికల్స్, శాంపిల్స్ ఉన్న ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టించకండి. స్టాఫ్ రూమ్‌లో చిన్న ఫ్రిజ్ చాలు. ఫ్రీజర్‌కి ఆనించి పెట్టొద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఇవన్నీ దయగల హెచ్‌ఓడీలు (విభాగాధిపతులు) నోటిమాటగా ఇస్తూనే ఉంటారు. హెచ్‌ఓడీ మారగానే మళ్లీ మొదటికొస్తుంది, మళ్లీ కొత్తవాళ్ల ముందు రోగం చెప్పుకోవాలి. అందుకే ఒక్క పేజీ రాయించుకోండి: ఏ డ్యూటీ, ఏం మార్పు, ఎప్పటిదాకా, మళ్లీ ఎప్పుడు చూస్తారు. అందులో జబ్బు పేరు అక్కర్లేదు, డాక్టర్ ఉత్తరం విడిగా ఒక్కరి దగ్గరే ఉంటే చాలు. కాపీ రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి.