సేకరణ అంటే ఎవరి దగ్గర్నుంచి?

పోయిన సంక్రాంతికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేడుకలో పిల్లలు స్టేజి మీద ఆడిన రేవు పాట గుర్తుండే ఉంటుంది. 'రేవు దాటిన బిడ్డ రేపు వస్తానంది, రేపు ఎన్నాళ్ళకో రేవునడగాలి' అని పల్లవి. మూడో చరణంలో 'కోసి ఉంచిన ఆకు కొసన వాడింది, వడ్డించు చేతికి వరస తప్పింది' అనేసరికి వెనక వరసల్లో పులిహోర ప్లేట్ల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ రోజు పంచిన కాగితంలో ఆ పాట ఎదురుగా 'జానపద గీతం, సేకరణ' అని ఉంది. ఆ మాట టైపు చేసింది నేనే.

తెలియక కాదు. ఆ పాట కట్టినాయన నాకు బాబాయి వరస. కోనసీమలో మా ఊరి నుంచి గోదారి దాటించే పంటు ఎక్కి దిగితే, ఏటి మధ్యలో వాళ్ళ లంక. జానపదానికి పేరు వేసే అలవాటు మనకి లేదు కనక వేయలేదు, అంతే. వీడియో వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆయన దగ్గరికే చేరింది. ఫోన్ చేస్తే తిడతాడనుకున్నా. "పిల్లలు బానే ఆడార్రా అబ్బాయ్. ఆ సేకరణ అంటే ఎవరి దగ్గర్నుంచి? మా ఇంటికి రాలేదు కదా నువ్వు" అన్నాడు.

బాబాయి ఏ ట్రూపులోనూ జీతగాడు కాడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంతో (తీర్థమంటే మా వైపు తిరునాళ్ళు) ఊపందుకున్న సీజను శివరాత్రి దాకా సాగుతుంది. ఆ తర్వాత ఎండాకాలమంతా అమ్మవారి జాతర్లు, మళ్ళీ చవితి పందిళ్ళు, దసరా. మధ్యలో గోదారి ఎర్రబడి లంకలు మునిగే రోజులు ఖాళీ. పాట పుట్టేది ఆ ఖాళీలోనే. కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళినప్పుడు, నేలలో పాతిన గునపం మీద కాయ పడే దెబ్బే ఆయనకి దరువు. పల్లవి దొరికితే ఫోన్‌లో పాడి దాచుకుంటాడు. ఒక ఏడాది ఆ ఫోన్ వరద నీళ్ళలో పడి ఏడు పాటలు పోయాయి. తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుంటే రెండే వచ్చాయట.

మూడేళ్ళ కిందట సెలవుకి వెళ్ళినప్పుడు ఒక తీర్థంలో ఆయన వెనకే కూర్చున్నా. రాత్రి పదింటికి ఎక్కాల్సిన స్టేజి, రికార్డింగ్ డ్యాన్సులు తెమలక ఒంటిగంటకి ఎక్కారు. మంచుకి డప్పు తోలు మెత్తబడింది. కుర్రాడు వరిగడ్డి మంటేసి కాచాడు, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, తల అడ్డంగా ఊపి మళ్ళీ కాచాడు. అలా మూడు సార్లు. తీరా పాట రెండో చరణం సగంలో ఉండగా కమిటీ పెద్ద మైకు అందుకుని, ఫలానా వారు ఈ పాటకి నూటపదహార్లు చదివించారని ప్రకటించాడు. బాబాయి ఆ ఫలానా వారికి నమస్కారం పెట్టి, ఆగిన మాట దగ్గరే మళ్ళీ ఎత్తుకున్నాడు. తెల్లారి లెక్క చూసుకుంటే డప్పు కుర్రాడికి, కీబోర్డు అతనికి, ఆటోకి ఇచ్చాక బాబాయికి మిగిలింది శాలువా. వంత పాడేది పిన్నే కాబట్టి ఆవిడ వాటా లెక్కలోకే రాలేదు. ఇంట్లో అలాంటి శాలువాలు ముప్ఫై పైనే ఉన్నాయి. పిన్ని వాటిని ధాన్యం బస్తాల మీద కప్పుతుంది.

జానపదం జనం సొత్తు కదా, మధ్యలో ఈ పేర్ల గొడవేమిటని మన కమిటీలోనే ఒకరన్నారు. పాతవాటికి ఒప్పుకుంటాను. నేదునూరి గంగాధరం గారి లాంటివాళ్ళు ఊళ్ళు తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని విని రాసుకున్నారే, అవీ సేకరణలంటే. దంపుళ్ళ పాటలకీ ఊడ్పుల పాటలకీ మొదటి నోరు ఎవరిదో ఆ ముసలమ్మలకీ తెలీదు. కానీ రేషన్ కార్డూ ఆధార్ కార్డూ ఉన్న మనిషి, నిన్న కట్టిన పాటకి కూడా ఊరూ పేరూ లేనివాడైపోతే ఎలా? అదే సినిమా పాటకి రచయిత పేరు తప్పు పడితే ఈ పత్రికకి ఎన్ని ఉత్తరాలు వస్తాయో నాకు తెలుసు. ఆ మాటకొస్తే ఈ విషయంలో తెల్లవాళ్ళే నయం. సహాయ నిరాకరణ రోజుల్లో దొరతనం మీద పాట ఊరూరా మోగుతుంటే 'జానపదం' అని వదిలెయ్యలేదు, రాసింది గరిమెళ్ళ సత్యనారాయణ గారని తెలుసుకుని మరీ జైల్లో పెట్టారు.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా పాట రాసినవాడిది ఫిల్మ్‌నగరా, లంకా అని అడగదు. రాసినవాడికి బతికినంత కాలం హక్కు, పోయాక వారసులకి మరో 60 ఏళ్ళు. హక్కులు అమ్మేసుకున్నా, ఇది నాదని పేరు వేయించుకునే హక్కు అమ్ముడుపోదు. 2012 సవరణతో రాయల్టీలో వాటా కూడా గట్టిపడింది. పాట రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ ఆ డబ్బు వసూలు చేసిపెట్టే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969 నుంచీ ఉంది. బాబాయి అందులో సభ్యుడు కాదు. ఎవరో కుర్రాళ్ళు ఇదే పాటకి కీబోర్డు మోత తగిలించి తమ ఛానల్లో పెట్టి, యూట్యూబ్‌లో హక్కులు తమవని నమోదు చేసుకున్నారు. దాంతో బాబాయి సొంత వీడియోకే కాపీరైట్ నోటీసు వచ్చింది. ఇంగ్లీషులో ఉందని నాకు పంపాడు. "నా పాట నేను పాడుకుంటే నేరమంటున్నాడేంట్రా?" నేను చదివి చెప్పిన అర్థం దాదాపు అదే.

2027లో గోదావరి పుష్కరాలు. వీడియోకి గోదారి పాటలు కావాలని మన గ్రూపులో అప్పుడే అడుగుతున్నారు. ఈసారి పాట దొరకగానే అది కట్టిన మనిషిని వెతకండి. వాడుకునే ముందు ఒక్క ఫోన్ చేయండి, శాలువాకయ్యే డబ్బు ఆయన ఖాతాలో వేయండి. కాగితంలో పేరూ ఊరూ రాయండి. సంప్రదాయ కళాకారుల్ని ట్రూపుతో సహా రప్పించుకోడానికి అమెరికాలో పీ-3 అని వీసానే ఉంది. హీరోయిన్ల హోటల్ గదుల గురించి వాదించుకునే మన సమావేశాల్లో దాని ఊసు నేనెప్పుడూ వినలేదు.

నా తప్పు దిద్దుకుందామని, ఈ సంచికలో సవరణ వేయిస్తున్నా, పేరు ఎలా రాయమంటావని బాబాయిని అడిగా. కాసేపు పలకలేదు.

"ఆ ఆకు చరణం నాది కాదురా. మీ పిన్నిది. నాకు అన్నం పెడుతూ అంది, నేను పాటలో పెట్టేశా."

"మరి నీ వీడియోలో నీ పేరొక్కటే ఉందేం?"

"వంత పాడేవాళ్ళకి పేరేంటని వెయ్యలేదు."

ఫోన్ పిన్నికి ఇమ్మన్నా. పేరు చెప్పమని అడుగుతుంటే నాకే సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆవిణ్ణి పిన్నీ అనే పిలిచాను. నాకెందుకయ్యా పేరు అని ముందు నవ్వింది. మళ్ళీ తనే, ఇంటిపేరు ఏది వేస్తావని అడిగింది. పుట్టింటిదా, అత్తింటిదా? నీ ఇష్టం అన్నా. ఆలోచించుకుని చెబుతానంది. పత్రిక అచ్చుకి వెళ్ళేనాటికి ఇంకా తేల్చుకోలేదు, అందుకే ఈ సంచికలో ఆ సవరణ లేదు.