బడి నుంచి ఇంటికి పంపే చీటీ గారికి

గౌరవనీయులైన చీటీ గారికి,

నిన్న పదకొండున్నరకి మా అమ్మాయి చేతిలో దయచేశారు. 'తలలో పేలు. పూర్తిగా తగ్గాకే పంపవలెను.' కింద సంతకం, స్టాంపు. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చాను. పిల్ల గేటు దగ్గర బ్యాగుతో తల వంచుకుని నిలబడి ఉంది, దొంగని పట్టుకున్నట్టు. ఏ మందు రాయాలి, ఎన్నిసార్లు రాయాలి? మీలో ఒక్క ముక్క లేదు. స్టాంపుకి మాత్రం బోలెడు చోటు దొరికింది.

మీది పాత వంశమేనండీ. 1902లో న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు పిల్లల కనురెప్పలు తిరగేసి, తలలు చూసి, మీ పూర్వీకుల్ని చేతికిచ్చి పంపేసేవారు. ట్రకోమా అనే అంటుకునే కంటిజబ్బయినా, గజ్జి అయినా, పేలయినా ఒకటే వైద్యం, గుమ్మం బయటికి. ఇంట్లో చాలామంది తల్లులకి ఇంగ్లీషు రాదు. గెంటేసిన పిల్లాడు సాయంత్రం అదే తరగతి పిల్లలతో వీధిలో ఆడుకునేవాడు. అంతకు కొన్నేళ్ల ముందే, తలమీద పుండ్లున్నాయని, పన్నెండేళ్లొచ్చినా బడికి నోచుకోని కుర్రాడొకడు లిలియన్ వాల్డ్ అనే నర్సు కంటపడ్డాడు. ఆవిడ పుండ్లకి సరిగ్గా పూసిన మందుకి తగ్గిపోయింది. అంతేనండి, ఆయింట్‌మెంటు!

1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సుని నాలుగు బడులకి పంపారు, ఒక నెల చూద్దామని. ఆవిడ బడిలోనే కళ్లు కడిగి, పుండ్లకి కట్టు కట్టి, ఇళ్ల మెట్లెక్కి తల్లులకి ఎలా చెయ్యాలో చేసి చూపించింది. 1902 సెప్టెంబరులో మీవాళ్లు ఇంటికి తరిమింది 10,567 మందిని. మరుసటి సెప్టెంబరులో 1,101 మందిని. (1906లో గొంతులోపలి గడ్డల ఆపరేషన్ల పుకారుకి తల్లులు బడుల మీదికి దండెత్తిన సంగతి ఎత్తను. అందులోనూ వాళ్లకి అర్థంకాని చీటీల వాటా ఉంది.)

అంటే సంగతి అప్పుడే తేలిపోయింది కదా. నూట ఇరవై ఏళ్లు దాటింది. మరి ఆ నర్సమ్మ ఏదీ? ఆవిణ్ణి ఏ దారిలో వదిలేసి నువ్వొక్కదానివే ఊడిపడ్డావు? పిల్లని గేటు దాకా నడిపించిన చెయ్యి, ఒక్కసారి దువ్వెన పట్టుకుంటే అరిగిపోతుందా?

రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను. పేలు సరే, ఈపులు రావే! తెల్ల కాగితం మీదైతే బాగా కనిపిస్తాయని మా అమ్మ అంటే నిన్నే కింద పరిచాను.

సంతకం పెట్టి పంపుతున్నాను. దులపలేదు.

ఇట్లు,
ఒక తల్లి