నెల్లూరు మెట్రో కాలేదు, టెన్షన్ మాత్రం వచ్చేసింది

నగర జీవితం మెదడుకు మంచిది కాదనగానే మనకు హైదరాబాదో, చెన్నైయో గుర్తొస్తుంది. నెల్లూరు, ఒంగోలు ఆ లెక్కలోకి రావనుకుంటాం. జర్మనీలోని మాన్‌హైమ్ పరిశోధకులు 2011లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం లక్ష జనాభా దాటితే నగరమే. ఆ లెక్కన మన రెండూ ఎప్పుడో నగరాలైపోయాయి.

ఆ ప్రయోగం ఎలా చేశారో చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి, టైము పెట్టి లెక్కలు చేయమన్నారు. చేస్తుండగానే ‘నువ్వు వెనకబడుతున్నావ్’ అన్నట్టు చెవిలో చీవాట్లు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం పల్లెవాళ్లకంటే చిన్న పట్టణాలవాళ్లలో, వాళ్లకంటే నగరవాసుల్లో ఎక్కువగా ఉలిక్కిపడింది. చిన్నతనం నగరంలో గడిచినవాళ్లలోనైతే, ఆ అమిగ్డలాకు కళ్లెం వేయడంలో పాత్ర ఉన్న ఇంకో భాగం పనితీరులో తేడా కనిపించింది. దీనికి నగరమే కారణమని ఈ ఒక్క ప్రయోగంతో తేల్చలేం. కానీ పరీక్షలో హారన్లూ లేవు, పొగా లేదు. ఉన్నదల్లా టైము, లెక్కలు, ముక్కూమొహం తెలియనివాళ్ల చీవాట్లు.

చదువుతుంటే నాకు మన రెసిడెన్షియల్ కాలేజీలే కళ్లముందు మెదిలాయి. పదో తరగతి కాగానే ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి పిల్లల్ని తెచ్చి నెల్లూరులో దింపుతాం. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగు, కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ, తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం టెస్టు, నోటీస్ బోర్డులో ర్యాంకులు. జర్మన్లు కాసేపు పెట్టిన పరీక్షను మనం రెండేళ్లపాటు, ఫీజు కట్టి మరీ పెడుతున్నాం.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఇంకో ఆసక్తికరమైన మాట చెప్పింది. మానసిక సమస్యలు మెట్రోల్లో 13.5 శాతం, పల్లెల్లో 6.9 శాతం, మెట్రో కాని పట్టణాల్లో 4.3 శాతం. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదనుకోండి. అయినా పల్లెకంటే కూడా పట్టణమే నయమనడం చిన్న సంగతి కాదు. నా అంచనా ఏమంటే, ఇలాంటి ఊళ్లలో డాక్టరూ బస్సూ అందుబాటులో ఉంటాయి, ‘ఏం నాయనా, మొహం అట్లుందే’ అని అడిగే మనిషీ ఉంటాడు. హాస్టల్ గేటు దాటి లోపలికెళ్లిన పిల్లాడికి ఆ అడిగే మనిషే లేకుండా పోతున్నాడు. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో వాన నీళ్లు నిలిస్తే ఊరంతా గోల చేస్తాం, దీని గురించి ఎవరూ నోరెత్తరు.

కిటికీ అన్నాను కదా, అదేం చిన్న విషయం కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్ని పోల్చి చూస్తే, కిటికీలోంచి చెట్లు కనబడ్డవాళ్లు ఇటుక గోడ కనబడ్డవాళ్లకంటే ముందే డిశ్చార్జి అయ్యారని 1984లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఘాటైన నొప్పి మందులూ వాళ్లకు తక్కువే పట్టాయి.

మనకు స్వర్ణాల చెరువుంది. రొట్టెల పండుగప్పుడు తల్లిదండ్రులు అక్కడికొచ్చి, పిల్లలకు బాగా చదువు రావాలని చదువు రొట్టె పట్టుకుని వెళతారు. ఆ చదువు చదివే పిల్లల్ని మాత్రం సాయంత్రం ఒక గంట ఆ గట్టు మీద తిరగనివ్వరు. హాస్టళ్లకు అనుమతులిచ్చే అధికారులు గదికి ఎన్ని మంచాలని లెక్కపెడతారు సరే, కిటికీలోంచి ఏం కనబడుతోందో, ఆడుకోవడానికి జాగా ఎంతుందో కూడా ఫైల్లో రాయాలి.