ప్రహరీ గోడ గారికి ఒక విన్నపం

శ్రీ ప్రహరీ గోడ గారికి,
సిమెంటు ఫ్యాక్టరీ, యర్రగుంట్ల దారి.

దండాలండీ. నిన్న మధ్యాహ్నమంతా మీ నీడలోనే ఉన్నాను. విజిటర్ పాస్ రాయించి, సెల్‌ఫోన్ తీసుకుని, ‘సారు మీటింగులో ఉన్నారు’ అని కూర్చోబెట్టారు. చివరికి లోపలికి పిలిచిన సారు చెప్పిందంతా మీ గురించే.

మేమడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. మీకు అవతల క్లింకర్ (సిమెంటుగా నూరే కాల్చిన గడ్డలు) చల్లార్చే కూలర్ నుంచి ఆకాశంలోకి వదిలేస్తున్న వేడి. మీకు ఇవతల మా పసుపు షెడ్డు. ఆ వేడిని ఓ పైపులో ఇటివ్వమన్నాం, అంతే. కొలిమిలో 1,450 డిగ్రీలు, కూలర్ నుంచి బయటపడే గాలిలో ఇంకా 250 దాకా ఉంటుంది. మా కొమ్ములు ఆరడానికి 60 చాలు. దానికి మేం డీజిల్ తగలేస్తున్నాం. ఉడకబెట్టడానికి కంప. (కంపకు కార్బన్ లెక్కలో సున్నా అట, చెట్టు మళ్లీ మొలుస్తుందని. పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్ల కళ్లనడగండి.)

సారు నవ్వారు. ఫ్యాక్టరీల పొగకు హద్దు పెట్టి, తక్కువ వదిలినవాళ్లకు అమ్ముకునే క్రెడిట్లిచ్చే కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం 2023లో వచ్చింది, 2025 అక్టోబరులో సిమెంటుకు టార్గెట్లిచ్చారు, టన్నుకు ఇంత ఉద్గారమని. లెక్క గేటు నుంచి గేటు వరకే, అంటే ఫ్యాక్టరీ లోపలిది మాత్రమే. ‘ఆ వేడితో మేమే కరెంటు చేసుకుంటే మా అంకె దిగుతుంది. నీకిస్తే తగ్గేది నీ డీజిల్ పొగ. అది మా ఖాతాలో ఎవరు రాస్తారు?’

పోనీ కరెంటైనా చేస్తున్నారా అంటే, ప్రపోజల్ హెడ్డాఫీసులో ఉందట. పోయినేడూ అక్కడే ఉంది. మాలాంటి వాళ్లకు ఆఫ్‌సెట్ దారి (పొగ తగ్గించామని చూపి క్రెడిట్లు తెచ్చుకోవడం) ఉందట గానీ, రిజిస్ట్రేషన్, వెరిఫికేషన్ అంటూ తిరిగితే పసుపు డబ్బులు జిరాక్సులకే సరి. యూరప్‌లో ఇలాంటి పథకంలో ఉన్న ఫ్యాక్టరీ, అందులో లేనివాళ్లకు వేడి అమ్మితే, అమ్మినవాడికే కొన్ని ఉచిత పర్మిట్లు (పొగ వదిలే అనుమతులు) ఇస్తారు. అక్కడ రాయగలిగిన లెక్క ఇక్కడ రాయలేరా?

ఇక మర్యాద నావల్ల కాదు. ఏమే గోడా, నీ దుమ్ము మా అరటాకుల మీద పేరుకుంటే గేటు గుర్తుకు రాదు. గనిలో పేల్చితే మా షెడ్డు గోడ బీటలిచ్చింది, అప్పుడూ రాదు. దుమ్ముకు లేని హద్దు, అదురుకు లేని హద్దు, పనికొచ్చే వేడికి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? పైపు ఖర్చు సగం మేం పెట్టుకుంటామన్నాం గదా! నీ మందం చూస్తే తొమ్మిదంగుళాలు లేదు.

ఇట్లు,
ఇవతలి పసుపు షెడ్డు వాడు